ఐలీ చేతికి పొద్దుకోర వచ్చిన వారం

ఐలీ కంగస్ పరుగెత్తగా నేను చూసింది ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారే. స్కూలు బస్సు నడిపేవాళ్ళకు తొందర పనికిరాదు. పెద్ద సరస్సు ఒడ్డునున్న మా కాల్యుమెట్ ఊళ్ళో అసలే పనికిరాదు. నవంబరులో మొదలైన మంచు ఏప్రిల్ దాకా పడుతూనే ఉంటుంది. ఐలీ నడకైనా, మాటైనా, బ్రేకు వెయ్యడమైనా ఒకటే తీరు. మెల్లగా, ముందే చూసుకుని. అలాంటి మనిషి జనవరిలో ఒక గురువారం ఉదయం పిల్లల్ని బడి దగ్గర దించి బస్సు షెడ్డుకు తెచ్చి, ఫోను చెవికి ఆనించుకుని రెండు మాటలు విని, చేతిలో ఉన్న కాఫీ కప్పు అక్కడే మంచులో గుచ్చేసి నా కారు వైపు పరుగు తీసింది.

"నోరీన్! తాళాలు తియ్యవే! అయిపోయిందట!"

ఏమిటి అయిపోయిందని నేను అడగలేదు. మా షెడ్డులో ఆ సంగతి తెలియని డ్రైవరు లేడు. కత్తి పని అయిపోయింది.

ఆ కత్తి గురించి చెప్పాలంటే ఐలీ చీలమండ విరిగిన దగ్గర మొదలుపెట్టాలి. ఐదేళ్ళ కిందట మార్చి నెలలో తన బస్సు మెట్టు మీదే జారి పడింది. తొమ్మిది వారాలు కాలు కదపకూడదన్నారు. పుస్తకం పట్టుకుంటే నిద్ర, టీవీ పెడితే విసుగు. ఆమె భర్త రేనో ముప్పై ఏళ్ళు కౌంటీ రోడ్ల మీద మంచు తీసే లారీ నడిపి రిటైరైనవాడు. మాటల విషయంలో మహా పొదుపరి. పెళ్ళాం బాధ చూడలేక చర్చివాళ్ళ పాత సామాన్ల అమ్మకంలో ఒక నల్ల పెట్టె కొనుక్కొచ్చాడు. అందులో సినిమాలు ఆడతాయనుకున్నాడు. తీరా టీవీకి తగిలిస్తే అది వీడియో గేముల పెట్టె. లోపల ఎవరో మరిచిపోయిన డిస్కు ఒకటి ఉంది. ఆట పేరు 'బూడిద కోటలు'.

బూడిదలో సగం పూడిపోయిన ఏడు కోటలు, కోటకొక పిచ్చి రాజు, దారి పొడుగునా మీద పడే పిశాచాలు. ఆట అంతా అంతే. ఐలీ మొదటి వంతెన దాటడానికి మూడు రోజులు పట్టింది. ఎన్నిసార్లు చచ్చిందో లెక్క లేదు. నేను మాంసం కూరిన పేస్టీలు పట్టుకుని చూడటానికి వెళ్ళేసరికి కాలు దిండు మీద, కంట్రోలరు పొట్ట మీద పెట్టుకుని కళ్ళు చికిలించుకుని కూర్చుంది.

"ఏంటే ఇది, చిన్నపిల్లల్లా?" అన్నాను.

"కూర్చో, మాట్లాడకు. వాడు స్తంభం వెనకనుంచి వస్తాడు. ఇదంతా బస్సు నడపడం లాంటిదేనే నోరీన్. ఎవడు ఎటునుంచి రోడ్డు మీదికి దూకుతాడో ముందే కనిపెట్టుకోవాలి."

కాలు కట్టు విప్పేసరికి నాలుగో కోట గెలిచింది. ఆ కోట రాజును కొడితే దొరికే బహుమతే 'పొద్దుకోర'. వెడల్పాటి అలుగు, చివర్న కొంచెం వంపు తిరిగి, ఏదో పెద్ద మృగం కోరపన్నులా ఉంటుంది. వీపు పొడుగునా తెల్లవారే వేళ ఆకాశం అంచులా ఎర్రటి గీత. పిడికి అడ్డంగా విచ్చుకున్న రెండు కొంగ రెక్కలు. దాన్ని ఒరలోంచి దూసినప్పుడల్లా ఆటలో చీకటి కాస్త వెనక్కి తగ్గుతుంది. ఐలీకి ఆ కత్తి మీద పట్టిన వెర్రి ఇంతా అంతా కాదు. వేరే కత్తులు దొరికినా ముట్టుకోలేదు. ఇంటర్నెట్‌లో మరికొందరితో జట్టు కట్టి ఆడేది కాని మైకు పెట్టుకునేది కాదు. ఒక్క వేలితో టైపు చేసేది. అక్కడ తన పేరు 'పద్నాలుగు'. పంతొమ్మిదేళ్ళు తను నడిపిన బస్సు నంబరు అది.

మూడేళ్ళు అలా గడిచాక ఒక సెప్టెంబరు మధ్యాహ్నం షెడ్డులో కాఫీ తాగుతూ, "పొద్దుకోరని చేయిస్తున్నాను" అంది, పళ్ళు కట్టించుకుంటున్నాను అన్నంత మామూలుగా.

"సోఫా కోసం దాచిన డబ్బుతోనా?" అన్నాను.

"ఆఁ."

"రేనో ఏమన్నాడే?"

"'కత్తి మీద కూర్చుంటామా?' అన్నాడు. 'పాత సోఫా మీద కూర్చుని కత్తిని చూస్తాం' అన్నాను. కాసేపు ఆలోచించి, సరే అన్నాడు."

చేసేవాడు ఎవరన్నదే చిక్కు. పక్క ఊరు లారియం చివర డెన్జిల్ ట్రెంబాత్ కొలిమి ఉంది. ఆయన ముత్తాత రాగి గనుల కాలంలో సముద్రం దాటి కార్న్‌వాల్ నుంచి వచ్చాడు. గనులు మూతబడ్డాక ఆ ఇంటివాళ్ళు మంచు లారీల రేకులు అతకడం, వేటగాళ్ళకు చాకులు కొట్టడం పట్టుకున్నారు. డెన్జిల్‌కు డెబ్బై ఒకటి. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత గడుసు. ఐలీ ఆటలోని కత్తి బొమ్మలన్నీ అచ్చు వేయించి, ముప్పై ఒక్క కాగితాలు, ఆయన దాగలి మీద పరిచింది. నేను పక్కనే ఉన్నాను.

"బొమ్మ కత్తి కావాలంటే పండగ దుకాణంలో ప్లాస్టిక్‌ది దొరుకుతుంది కదా" అన్నాడు డెన్జిల్ కాగితాల వంక చూడనైనా చూడకుండా.

"బొమ్మది కాదు. నిజంది కావాలి."

"నిజం కత్తితో నువ్వేం చేస్తావు తల్లీ? కుందేళ్ళ మీదికి దండెత్తుతావా?"

"చూసుకుంటాను."

"చూసుకోడానికా!"

"చూసుకోడానికే. నీ గోడ మీద ఆ జింక తలకాయ ఎందుకుంది మరి? అదేమన్నా నీకు వంట చేసిపెడుతోందా?"

డెన్జిల్ జింక తలను చూశాడు. తర్వాత కాగితాలను చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని ఇంకోసారి చూశాడు.

"దీన్ని గీసినవాడెవడోగాని జన్మలో సుత్తి పట్టుకోలేదు. ఈ కొలతలకి చేస్తే పదిహేను పౌన్లు తూగుతుంది. నువ్వెత్తలేవు, నేనూ ఎత్తలేను."

"ఆటలో ఒంటిచేత్తో తిప్పుతాను."

"ఆటలో నీకు నడుంనొప్పి లేదు."

"అయితే వచ్చి చూడు, ఎలా తిప్పుతానో."

పావుగంట కూర్చుని వెళ్ళిపోతానని చెప్పి శనివారం మధ్యాహ్నం ఐలీ ఇంటికి వచ్చాడు. రేనో సాయంత్రం ఆవిరి స్నానానికని సౌనా గదిలో పొయ్యి అంటించాడు. ఆ పొయ్యి మండి, రాళ్ళు వేడెక్కి, మళ్ళీ చల్లారిపోయినా డెన్జిల్ కదల్లేదు. మొదట ఊరికే చూశాడు. తర్వాత "ఆ కత్తిని కాస్త ఇటు తిప్పు, వీపు చూడనీ" అన్నాడు. ఆ తర్వాత "ఇలా తే" అని కంట్రోలరు లాక్కున్నాడు. మొదటి వంతెన మీద పిశాచం వచ్చి తోసేసినప్పుడల్లా పిల్లలు వినకూడని మాటలు అన్నాడు.

"ఏం మనిషివయ్యా, స్తంభం వెనక ఉన్నాడని చెబుతూనే ఉన్నానా!" అంది ఐలీ.

"నువ్వు అడ్డమొస్తున్నావు! పక్కకి జరుగు!"

వెళ్ళేటప్పుడు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ ఒప్పుకున్నాడు. "చేస్తాను. కాని ఇనుము నువ్వే తెచ్చుకోవాలి. ఊరూ పేరూ లేని ఇనుముతో ఇంత పని చెయ్యను. లారీ కమాను పట్టీ అయితే మేలు. వంగుతుంది, విరగదు."

కమాను అనగానే ఐలీ కళ్ళు మెరిశాయి. ఆ కళ్ళు చూసి నాకూ అర్థమైపోయింది. పద్నాలుగో నంబరు బస్సును అంతకు ముందు ఏడాదే తుక్కుకు పంపించేశారు.

అక్టోబరులో ఒక తడి ఆదివారం ఇద్దరం తుక్కు సామాన్ల దొడ్డికి వెళ్ళాం. దొడ్డివాడు ఏం కావాలన్నా ఊడదీసుకోండన్నాడు. చివరి వరసలో కనబడింది మా పద్నాలుగు. అద్దాలు లేవు, ఇంజను లేదు, పసుపు రంగు మాత్రం అలాగే ఉంది. ఐలీ లోపలికెక్కి డ్రైవరు సీటులో కూర్చుంది. ఏడుస్తుందేమోనని నేను జేబు రుమాలు తీశాను. ఆవిడ తలుపు పిడి పట్టుకుని ఒక్క లాగు లాగింది. కిర్రుమంటూ మూసుకుంది.

"చూశావా? ఇంజను లేకపోయినా తలుపు పనిచేస్తోంది!" అని పకపకా నవ్వింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ మూసింది. నేను బయట వానలో నిలబడి ఉన్నాను.

వెనక చక్రం దగ్గరి కమాను కట్ట విప్పడానికి రెండు గంటలు పట్టింది. తుప్పు పట్టిన బోల్టులకు రేనో ఇచ్చిన పొడుగు పానా తగిలించి, ఇద్దరం దాని మీద వేలాడితే గాని కదల్లేదు. చివరి బోల్టు ఊడినప్పుడు ఇద్దరం కలిసి బురదలో వెల్లకిలా పడ్డాం. లేవడానికి ప్రయత్నిస్తే నవ్వు, నవ్వు ఆపుకుని లేవబోతే మళ్ళీ జారడం. దొడ్డివాడు తలుపులోంచి తొంగి చూసి, ఏమీ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాడు. ఆ కట్టలో ఏడు పట్టీలు. ఐలీ పొడుగైన రెండింటిని ఎంచుకుని తన కోటులో చుట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు నా కారు వెనక సీటులో పెట్టి, బెల్టు కూడా కట్టింది.

ఆ తర్వాత డెన్జిల్ పది నెలలన్న పని పదిహేను నెలలైంది. డెన్జిల్‌కు మంచు కాలంలో లారీల పని, వేటల కాలంలో చాకుల పని. మధ్యలో తనూ 'బూడిద కోటలు' కొనుక్కుని కొంత కాలం అందులోనూ పోగొట్టుకున్నాడు. అడిగితే "పరిశోధన" అనేవాడు. ఐలీ వారానికొకసారి కొలిమికి వెళ్ళి, ఓ మూల బల్ల మీద కూర్చుని, తను తెచ్చిన ఏలకుల తీపి రొట్టె కోసి పెట్టి, ఏమీ అడగకుండా చూసి వచ్చేది. పొద్దుకోరకు ఒక రూపం వస్తున్న రోజుల్లో, ఫిబ్రవరిలో, హఠాత్తుగా రెండు వారాలు డెన్జిల్ ఫోను తియ్యలేదు, కొలిమి తలుపూ తెరవలేదు. మూడో వారం తనే షెడ్డు గేటు దగ్గరికొచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"చీలింది" అన్నాడు. "ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. టింగుమంది. ఆ చప్పుడు వినగానే తెలిసిపోయింది. నీ ముఖం ఎలా చూడాలో తెలియక ఇన్నాళ్ళు ఊరుకున్నాను."

ఐలీ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "డెన్జిల్, మొదటి వంతెన మీద నువ్వు ఎన్నిసార్లు చచ్చావు?"

"ఏం, ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"అరవై సార్లు ఉంటుంది."

"చచ్చిన ప్రతిసారీ ఏం చేశావు?"

"మళ్ళీ మొదలెట్టాను."

"ఇంకో పట్టీ ఉందిగా. వెళ్ళు మరి. నూనె కాస్త వేడి చేసి ముంచు."

"నాకే పని నేర్పుతున్నావా!" అని విసుక్కున్నాడు గాని, వెళ్ళేటప్పుడు ఆయన నడకలో పదేళ్ళు తగ్గాయి. నూనె మాత్రం వేడి చేశాడట. ఈ సంగతి ఆయన నాకు తర్వాత చెప్పాడు, ఐలీకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుని.

అలా వచ్చింది ఆ గురువారం. షెడ్డు నుంచి లారియం కొలిమికి ఎనిమిది నిమిషాల దారి. ఆ ఎనిమిది నిమిషాలూ ఐలీ నా కారు నేను నడుపుతుండగానే తను నడిపింది. "ఎర్ర లైటు లేదు, పోనీ! అటు తిప్పు! ఆగు, ఇటు, ఇటు!" కొలిమి ముందు కారు ఇంకా ఆగకముందే దిగింది.

డెన్జిల్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేలంతా ఊడ్చాడు. దాగలి మీద ఎర్రటి దుప్పటి, దుప్పటి కింద పొడుగాటి ఆకారం. "నువ్వే తియ్యి" అన్నాడు.

ఐలీ చేతి తొడుగులు విప్పుకుని దుప్పటి తీసింది.

నేను ఆ ఆట ఆడినదాన్ని కాదు. కత్తుల గురించి నాకేమీ తెలియదు. అయినా నాకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేశాను. కాగితాల మీద ముప్పై ఒక్కసార్లు చూసినదే, అయినా ఇది వేరు. కాగితం మీది కత్తికి బరువు లేదు. దీనికి ఉంది, ఊరికే పడి ఉన్నా ఏదో ఊపిరి బిగబట్టుకున్నట్టుంది. వెడల్పాటి అలుగు మధ్యలో లోతుగా గాడి తీసి బరువంతా తగ్గించాడు. చెరువు మీద మొదటి మంచు పొర కట్టినప్పుడు ఉండే నీలిబూడిద రంగు, అంచుకొచ్చేసరికి తెల్లగా మారింది. వీపు పొడుగునా ఎర్రటి గీత. అది రంగు కాదు, రాగి. సన్నగా గాడి చెక్కి, అందులో రాగి తీగ పరిచి, సుత్తితో దించి, నున్నగా నూరాడు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో వేలికి తెలియదు. కిటికీలోంచి మంచు వెలుగు పడి ఆ గీత నిజంగానే తెల్లవారుతున్నట్టు మండింది.

"ఆ రాగి మా ముత్తాత గనిలోంచి తెచ్చి దాచుకున్న ముద్ద" అన్నాడు డెన్జిల్ నేల చూపులు చూస్తూ. "నాలుగు తరాలుగా కిటికీలో పెట్టి దుమ్ము దులుపుతున్నాం. దేనికైనా పనికొస్తే మంచిదే కదా."

పిడి దుప్పి కొమ్ము. పట్టుకునేచోట తోలు తీగలు అల్లాడు. అడ్డంగా విచ్చుకున్న రెక్కలు ఇత్తడివి. ఒక్కో ఈకా విడిగా చెక్కాడు. ఒక ఈక మాత్రం చివర కాస్త వంకరగా ఉంది. ఆటలో కూడా అంతే. కొంగ రెక్కకు దెబ్బ తగిలిన కథ ఒకటుందట. అది కూడా వదల్లేదు ఆ పెద్దమనిషి.

ఐలీ ముట్టుకోలేదు. దాగలి చుట్టూ తిరిగింది. వంగి చూసింది, మోకాళ్ళ మీద కూర్చుని అంచు వెంట చూసింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది, మ్యూజియంలో టీచరు చెప్పిన పిల్లలాగ.

"ఎత్తు తల్లీ" అన్నాడు డెన్జిల్.

"ఎత్తుతాను. కాసేపు ఉండు."

"ఇంకా ఏం కాసేపు, మధ్యాహ్నం బస్సు తియ్యాలి" అన్నాను నేను. నాకే ఆగడం లేదు మరి.

అప్పుడు ఎత్తింది. రెండు చేతులతో పట్టుకోబోయి, అవసరం లేదని తెలిసి, ఒక చెయ్యి వదిలేసింది. మూడు పౌన్ల పైచిలుకు, అంతే. ఒక్కసారి గాలిలో అడ్డంగా తిప్పింది. 'హుమ్' మంది. ఐలీ గొంతులోంచి ఒక కూత వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఎరిగిన మనిషి గొంతులో అలాంటి కూత ఉంటుందని నేను కలగనలేదు. తర్వాత నవ్వు. ఆపుకోలేని, కళ్ళలో నీళ్ళొచ్చే నవ్వు. ఆ నవ్వు డెన్జిల్‌కు అంటుకుంది, నాకు అంటుకుంది. ముగ్గురం ఒకరి భుజం ఒకరం పట్టుకుని, మధ్యలో కత్తి తగలకుండా జాగ్రత్త పడుతూ నవ్వాం.

"బయటికి పోదాం" అంది ఐలీ. "ఇక్కడ చోటు చాలదు."

కొలిమి ముందు మంచు లారీలు తోసిపోసిన దిబ్బ నిలువెత్తున ఉంది. ఐలీ, స్కూలు పేరున్న నల్ల కోటూ అల్లిక టోపీతోనే, "బూడిదకే బూడిద!" అని అరిచి దాని మీదికి ఉరికింది. ఆటలో అలా అరవాలట. ఒక వేటుకు దిబ్బ మూల తెగి కింద పడింది. రెండో వేటుకు ఇంకో మూల. "మెడ మీద కొట్టు! మెడ మీద!" అని డెన్జిల్ ఇస్త్రీ చొక్కాతోనే చలిలో గంతులేస్తున్నాడు. మంచు దిబ్బకు మెడ ఎక్కడిదని నేను అడగలేదు. నేను కూడా అరుస్తున్నాను.

పది నిమిషాలకు షెరీఫు కారు వచ్చింది. లైట్లు తిరుగుతున్నాయి. దిగినవాడు కర్టిస్ లబెల్, ఇరవై ఆరేళ్ళ డిప్యూటీ. ఒక చెయ్యి నడుము దగ్గర పెట్టుకుని, "కత్తి కింద పెట్టండి, మేడమ్!" అన్నాడు గట్టిగా. ఆవిడ వెనక్కి తిరిగింది. వాడి చెయ్యి జారింది.

"మిస్ ఐలీ?"

"కర్టిస్! టోపీ ఏదిరా? చెవులు చూడు, ఎలా కందిపోయాయో!"

వాడు గబగబా టోపీ పెట్టుకున్నాడు. బాలవాడి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఐలీ బస్సులో రెండో సీటు వాడిది. "అది కాదు మిస్ ఐలీ, ఫోనొచ్చింది. బస్సు డ్రైవరు కోటేసుకున్న ముసలామె ఎవరో కత్తితో మంచు దిబ్బ మీద దాడి చేస్తోందని..."

"ముసలామె అన్నదెవరు?"

"అది నేను చెప్పకూడదండి." అంటూ దగ్గరికొచ్చాడు. వచ్చి, కత్తిని చూసి, ఆగిపోయాడు. పోలీసు ముఖం కరిగిపోయి, ఆ లోపలినుంచి రెండో సీటు పిల్లాడు బయటికొచ్చాడు. "ఇది... మిస్ ఐలీ, ఇది పొద్దుకోర కదా?"

"నువ్వు ఆడతావా?"

"మూడో కోటలో చిక్కుపడిపోయి ఆరు నెలలైంది! ఆ రెక్క చూడండి, వంకర ఈక కూడా పెట్టారు! ఎవరు చేశారండీ?"

డెన్జిల్ గొంతు సవరించుకున్నాడు. ఇంతలో కర్టిస్ భుజం మీది రేడియో గరగరమంది, అక్కడి పరిస్థితి ఏమిటని. కర్టిస్ బటను నొక్కి, "అదుపులో ఉంది. ఇంకొంచెం సేపు పడుతుంది" అని చెప్పి, రేడియో వదిలేసి, రెండు చేతులూ చాచాడు. "ఒక్కసారి, మిస్ ఐలీ. ఒక్క వేటు."

"తొడుగులు తీసి పట్టుకో. కాళ్ళు ఎడంగా పెట్టు. తోసుకోకుండా వరసలో రావాలి, తెలుసుగా." వరసలో వాడొక్కడే ఉన్నాడు. అయినా "తెలుసండి" అన్నాడు.

బడి స్థలంలోకి కత్తి తేకూడదు కాబట్టి, మధ్యాహ్నం బస్సు తియ్యబోయే ముందు రేనోకు ఫోను చేసి రప్పించాం. ఆయన వచ్చి, కత్తిని అటూ ఇటూ తిప్పి, రాగి గీత మీద బొటనవేలు నెమ్మదిగా నడిపించాడు.

"డెన్జిల్, నీ చెయ్యి బంగారం" అన్నాడు. పెళ్ళాం వైపు తిరిగి, "సోఫా ఉన్నదే చాల్లే" అన్నాడు. రేనో ఒక్క పూటలో అన్ని మాటలు మాట్లాడటం గొప్ప సంగతి. ఐలీ ఆయన మెడ పట్టుకుని వేలాడింది.

శనివారం మా ఊరి హాలులో నడి చలికాలపు విందు. ప్రతి ఏడూ ఉండేదే, కాఫీ, పేస్టీలు, అకార్డియను. ఈసారి ముందు వరస బల్ల మీద ఎర్ర దుప్పటి పరిచి పొద్దుకోరను పెట్టారు. పక్కన కుర్చీలో ఐలీ, ఇంకో పక్క డెన్జిల్. జనం వచ్చి వంగి చూసి, "అయ్యో, అయ్యో" అంటూ రాగి గీత వెంట గాలిలో వేలు నడిపించి పోతున్నారు. ఎనభై ఏళ్ళ ఆవిడొకరు, "ఇలాంటి గొడ్డలి ఒకటి చేసిపెడతావా? కట్టెలు కొట్టడానికి కాదు" అని డెన్జిల్‌ను అడిగింది.

మూడింటికి తలుపు తెరుచుకుని ఒక మనిషి వచ్చాడు. ఆరున్నర అడుగుల ఎత్తు, గడ్డం నిండా మంచు, చేతిలో ఊలు టోపీ నలుపుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఊరివాడు కాదు. నేను దగ్గరికెళ్ళి ఎవరు కావాలన్నాను.

"నేను విన్నిపెగ్ నుంచి వచ్చానండి, పళ్ళ డాక్టర్ని. ప్రెస్టన్ ఫ్రీసెన్ అంటారు. ఇక్కడ... పద్నాలుగు గారు ఉన్నారా? ఆటలో మా జట్టువాళ్ళకి కత్తి ఫొటో పెట్టి, అందరూ వచ్చి చూడండని రాశారు."

"అందరూ అంటే ఊళ్ళో అందరూ అనుకుంటాను నాయనా" అన్నాను. "ఎంత దూరం నడుపుకొచ్చావు?"

"పన్నెండు గంటలండి."

నేను ఐలీ వైపు చెయ్యి చూపించాను. అతను ఊలు స్వెటరులో, ముక్కు మీద కళ్ళజోడుతో, తీపి రొట్టెకు వెన్న రాస్తున్న ఐలీని చూశాడు. నా వంక చూశాడు. మళ్ళీ ఐలీని చూశాడు.

"పద్నాలుగు అంటే వయసనుకున్నాను" అన్నాడు. "ఎవరో పద్నాలుగేళ్ళ కుర్రాడనుకున్నాను. వాళ్ళమ్మ వింటుందేమోనని మూడేళ్ళుగా ఒక్క చెడ్డ మాట కూడా రాయలేదు."

ఐలీ లేచి నిలబడింది. "నువ్వెవరు?"

"తడి సాక్సు" అన్నాడు ఆ ఆరున్నర అడుగుల మనిషి, చిన్న గొంతుతో. వీడియో ఆటలో అతని పేరది.

"తడి సాక్సా!" అని ఐలీ కేకపెట్టి బల్ల దాటి వచ్చింది. "ఐదో కోటలో నిన్ను బావిలోంచి లాగింది నేనే!"

"రెండుసార్లు!"

"మూడుసార్లు! మూడోసారి నీకు తెలివి లేదు!"

ఐలీ తల అతని గుండె దాకా కూడా రాలేదు. అతను వంగి ఆవిడను పైకెత్తేశాడు. కాళ్ళు గాలిలో ఆడుతుంటే మా డ్రైవర్లందరం చప్పట్లు కొట్టాం. తర్వాత కత్తిని అతని చేతిలో పెట్టింది. అతను నుదుటికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక, "దేనితో చేశారు?" అన్నాడు. చెప్పాం. బస్సు అనీ, కమాను అనీ, తుక్కు దొడ్డి అనీ ముగ్గురం ఒకేసారి మొదలుపెట్టేసరికి అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఐలీ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. బురదలో పడ్డ చోటికి వచ్చేసరికి నన్ను లేపి నిలబెట్టి, ఎలా పడ్డామో చేసి చూపించింది.

ఆ సాయంత్రం సరస్సు మీదినుంచి గాలి లేచి రోడ్లు మూసేశారు. తడి సాక్సు మూడు రోజులు, అతనితో పాటు డెన్జిల్ కూడా, ఐలీ ఇంట్లోనే ఉండిపోయారు. ఆదివారం మధ్యాహ్నం నేను మా రెండిళ్ళ మధ్య పెరటి దారిన మంచులో దిగబడుతూ వాళ్ళింటికి వెళ్ళాను. పొద్దుకోర పాత సోఫాకు ఎదురుగా రేనో బిగించిన కొక్కేల మీద ఉంది. ఎవరూ దాని వంక చూడటం లేదు. నలుగురూ టీవీ ముందు నేల మీద కూర్చున్నారు. డెన్జిల్ ఒక పక్క, పళ్ళ డాక్టరు ఇంకో పక్క, వాళ్ళ వెనక ఐలీ, మధ్యలో, జీవితంలో మొదటిసారి కంట్రోలరు పట్టుకున్న రేనో.

"ఎడమకి, రేనో! ఎడమకి!"

"అది వంతెన కాదయ్యా, అది కొండ అంచు!"

"ఆగు! ఆగమంటే!"

రేనో ఆగలేదు. ముప్పై ఏళ్ళు మంచు తోసిన మనిషి, నిటారుగా, ఒకే వేగంతో, తిన్నగా నడిపించుకుంటూ పోయి అంచు మీదినుంచి మబ్బులోకి పడిపోయాడు. అందరూ తలలు పట్టుకున్నారు.

"ఎందుకలా పోయావు?" అంది ఐలీ.

"రోడ్డు అక్కడ ఉంటే బాగుండేది" అన్నాడు రేనో, చాలా గంభీరంగా.

తడి సాక్సు నవ్వు ఆపుకోలేక వెనక్కి వాలి కాఫీ బల్లను తన్నాడు. నేను కోటు విప్పి, వాళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చుని, "ఆ తర్వాత నాకివ్వాలి" అన్నాను.